జానెడు కిటికీ

రా రమీజూ, రా నాయనా, కూర్చో. ఏందది చేతిలో కాగితం? ముదీర్ ఇచ్చినాడా? ఓహో, పన్నెండు గదులకూ కొత్త హీటర్లు తెప్పిస్తాడంటనా? మేలే. నువ్వొచ్చి పదైదు దినాలు కాలే, అప్పుడే మేనేజరు పిలిచి నీ చేతికి కాగితం ఇచ్చినాడు, ఇంగ్లీషు చదువుకున్నోడివి గదా మరి. ఏం రాయమన్నాడు? గ్యాసు కావల్నా, కరెంటు కావల్నా, పాతకాలం మాదిరి బొగ్గులే చాల్నా, రేప్పొద్దునకు రాసియ్యమన్నాడా? ఊఁ. నీ మనసులో ఏముంది? గ్యాసు. షార్జాలో మీ మేనత్త కొడుకింట్లో పైపులోనే గ్యాసొస్తాదా? వస్తాది, నేనూ చూసినా, పొయ్యి తిప్పితే చాలు. ఈ అల్ ఐన్ ఖర్జూరం తోటలకు పైపెవడేస్తాడప్పా? ఈ దేశంలో కాళ్ళ కింద గ్యాసుందంటారు, మనకు మాత్రం సిలిండరు భుజాన మోసుకొచ్చుకునేదే. సరే, నేనడగాలనుకున్యది అది కాదు. ఆ కిటికీకి నిన్న టేపేసినావే, ఎందుకేసినావు? చలా? చలి నాకు తెలీదా, అరవై మూడేండ్లోన్ని, నీకంటే నాకే ఎక్కువ. నిన్న నువ్వు గుర్రు పెట్టినాక నేను లేచి ఈ పాత గ్యాసు హీటరు ఆర్పేసి, నీ ఊపిరి ఇంటా తెల్లారేదాకా మంచం మీద కూర్చున్యా, తెలుసునా? తెలీదు. ఏందీ? మళ్ళీ చెప్పు. "మా జేజినాయన పోయిన రోజు కిటికీ తెరిచే ఉన్నింది గదా, అయినా పోలేదా, ఇంక కిటికీతో ఏం పని" అంటావా? ఎవరు చెప్పినారు నీకా మాట? మీ జేజి. మీ జేజికెవరు చెప్పినారు? నేనే. ఫోన్లో నేనే చెప్పినా, పదేండ్ల కిందట. ఉండు, ఉండు. ఆ కాగితం పక్కన పెట్టు. పెన్ను మూత పెట్టు.

మీ జేజినాయన బుడేన్ సాహెబ్ నీకు తాతయినా, ఆయప్ప గురించి నీకు తెలిసిందంతా ఫోటోలోదే గదా. ఫోటోలో ఉన్నట్ల ఉండేటోడు కాదప్పా, ఫోటోలో కోపంగా ఉంటాడు. మనిషి శానా నవ్వేటోడు. మన దూదేకులోళ్ళలో ఆయప్ప చెయ్యి పడిన పరుపు మీద పండుకుంటే పెండ్లి పరుపే అనేటోళ్ళు రాయచోట్లో. దుబాయ్‌కొచ్చినా చెయ్యి ఊరుకోలే. తోట యజమాని ముసలి అర్బాబు, వచ్చినోళ్ళను కూర్చోబెట్టే మజ్లిస్‌లో పాత దిండ్లు పారేస్తా ఉంటే ఏరుకొచ్చి, దూది తీసి, ఎండబెట్టి, కట్టెతో కొట్టి, మళ్ళీ కుట్టేటోడు. అర్బాబు సంతోషపడి ఒక మేకపోతును ఇచ్చినాడు ఒకసారి. దాన్ని కోయకుండా సాకినాడు, అదేమో ఖర్జూరం మొలకలన్నీ మేసి… సరే, మేక సంగతి తర్వాత. గదిలో ముగ్గురం. ఆయప్ప, నేను, గోదావరి జిల్లా సూరిబాబు. అమలాపురం దగ్గరోడు, మంచి మాటకారి. మమ్మల్నిద్దర్నీ "సాయిబు గారూ" అనేటోడు, "ఆయ్, మీ రాయచోట్లో కూడా ఇలాగే ఎండుతారా అండీ" అని ఎక్కిరించేటోడు. రెండువేల తొమ్మిది జనవరి. ఆ ఏడు చలి ఎట్లాంటిదంటే, పొద్దున తొట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు నావి కానట్టుండేది. అర్బాబు, అల్లా ఆయన్ని చల్లగా చూడల్ల, బండి దిగి ఆ కుర్చీలో కూర్చొని అడిగినాడు, "గ్యాస్ జైన్? కరెంట్ జైన్? ఫహమ్ జైన్?" ఫహమ్ అంటే బొగ్గులు. ఏది మంచిదో మీరే చెప్పండి, తెప్పిస్తా అని. ఈ పొద్దు నీకు ముదీర్ ఇచ్చిన కాగితముందే, అప్పుడు మాకది నోటిమాట. అంతే తేడా.

కరెంటన్నాన్నేను. సూరిబాబు నవ్వినాడు, "హీటరు పెడితే మోటారు ఆగిపోద్దండి, మోటారు ఆగితే చెట్లు ఎండిపోతాయి, చెట్లు ఎండితే మనల్ని ఎండేస్తారు." నిజమే, అప్పట్లో లైను బలహీనం, నీళ్ళ మోటారు నడిచేటప్పుడు ఇస్త్రీ పెట్టె పెట్టినా ఫ్యూజు పోయేది. సూరిబాబు గ్యాసన్నాడు. మీ జేజినాయన ఒప్పుకుంటే గదా! దూది మనిషి, నిప్పంటేనే గుండె దడ. రాయచోట్లో ఒక ఇంట్లో పరుపు కుడతా ఉంటే లోపల సిలిండరు పేలిందంట, అప్పట్నుంచి గ్యాసంటే ఆమడ దూరం. "ఖాదరూ, కంటికి కనపడని దాన్ని పండుకునే చోట పెట్టుకోకూడదప్పా. బొగ్గయితే కనపడతాది. ఎర్రగుంటే మండుతాంది, నల్లగుంటే ఆరింది. ఇంత మర్యాద గలది ఇంకేముంది?" అని ఆయప్ప వాదన. కనపడేది చంపదు, కనపడంది చంపుతాది, అదీ ఆయప్ప లెక్క. నేనూ తల ఊపినా. పెద్దోడు, మాకు నమాజు చదివించేటోడు, కాదని ఎట్లంటా? అర్బాబు మజ్లిస్‌లో కాఫీ తాగే మనుషులు లేచి పోయినాక, ఆ కుంపట్లో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉంటాయి. అవి మాకిచ్చేటోళ్ళు. పొగంతా బయటే పోయినాక, పైన తెల్లగా బూడిద పట్టినాక, అప్పుడు లోపలికి తెచ్చేటోడు ఆయప్ప. "పొగ లేదు, ఇంక భయం లేదు" అని. శుక్రవారమైతే చిటికెడు సాంబ్రాణి చల్లి, గదంతా దర్గా మాదిరి వాసన. మాకు తెలిసిందదే. పొగ లేకుంటే పాపం లేదనుకున్యాం. పొగ పోయినాక కూడా బొగ్గులోంచి వచ్చే విషానికి వాసన ఉండదని, రంగుండదని, మాకెవరు చెప్తారు?

ఇంక కిటికీ. ఏం, చలేస్తాందా నీకు? నాకు చెమట పడ్తాంది. ఆ హీటరు కొంచెం తగ్గించు. ఊఁ. కిటికీ సంగతి ఏందంటే, మీ జేజినాయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఆ కుడి చెవిలోనే ఇంత ప్రాణం. మసీదు ఒంటెల దొడ్డి అవతల, అంత దూరం. తెల్లారుజామున ఫజర్ అజాన్ ఇనపడల్లని మంచం కిటికీ కిందికే లాక్కొని, జానెడు తెరిచి పెట్టేటోడు. జానెడంటే జానెడే, చేత్తో కొలిచి. సూరిబాబు దుప్పట్లోంచి అరిచేటోడు, "బాబోయ్ సాయిబు గారూ, ఆ కిటికీ మూసెయ్యండి, నేను గడ్డకట్టి పోతే మా ఆవిడ మీ మీద కేసేస్తుందండీ!" ఆయప్ప నవ్వి, "ఒక చెవి మూసినాడు దేవుడు, ఉన్న చెవికన్నా దారి ఇయ్యప్పా" అనేటోడు. అజాన్ కోసం తెరిచిన ఆ జానెడులోంచే మా ముగ్గురి ప్రాణం లోపలికీ బయటికీ తిరగతా ఉన్నింది, రెండు వారాలు. మేమేమో చలి గాలి అని తిట్టుకున్యాం.

జనవరి మూడో వారం ఆయప్పకు జ్వరమొచ్చింది. మూడు దినాలు. ఒళ్ళు కాలతా ఉంది, పండ్లు కొట్టుకుంటా ఉండాయి, కిటికీ మాత్రం మూయనియ్యడు. ఆ రాత్రి చెట్లకు నీళ్ళు కట్టే వంతు నాది. రాత్రి ఇషా నమాజు చదువుకొని ఆయప్ప నిద్రపోయినాడు. కుంపటి మంచం పక్కనే. గాలి ఇసుకతో సహా వచ్చి ఆయప్ప మొగం మీద కొడ్తా ఉంది. నాకు మనసు ఆగలే. సొంత అన్న మాదిరి గదప్పా. ఆయప్పే కుట్టిన దిండు నా తల కింద ఉన్నింది, అది తీసి, కిటికీ సందులో దూర్చినా. గోనెపట్టా అయింటే సందు మిగిలుండేదేమో, బట్టయినా అంతే. ఆయప్ప కొట్టిన దూది రమీజూ, ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టిందంటే, గాలి అట్ల టక్కున ఆగిపాయె. ఆయప్ప మూలగడం ఆపి పక్కకు తిరిగినాడు. నాకెంత సంతోషమైందో తెలుసునా? అజానుకు ముందే వచ్చి తీసేద్దాం, ఆయప్పకు తెలీనే తెలీదు అనుకున్యా. దుప్పటి సర్ది పోయినా.

తూర్పు మడవలో గట్టు తెగింది. అది కట్టుకొనేసరికి అజాన్ అయితా ఉంది. పరిగెత్తుకొస్తే, తలుపు కాడ సూరిబాబు పాక్కుంటా బయటికొచ్చి కక్కుకుంటా ఉండాడు. వాడు తలుపు కింద సందు దగ్గర పండుకునేటోడు, అందుకే బతికినాడు. "తల పగిలిపోతాందండీ" అంటాడు, ఇంకో మాట రాదు. నేను లోపలికి పోయినా. ఆయప్ప అట్లే పక్కకు తిరిగి ఉండాడు, నేను వదిలేసి పోయినట్టే. ఇప్పుడిను. నా చెయ్యి ముందు యాడికి పోయిందో ఇను. ఆయప్ప మీదికి కాదు. కిటికీ కాడికి పోయింది. దిండు పీకినా. మంచం కిందికి తోసినా. ఆ తర్వాతే "అన్నా" అని అరిచినా. పోలీసులొచ్చినారు, డాక్టరొచ్చినాడు, ప్రాణం పోయి శానా సేపయిందన్నారు. బొగ్గుల గ్యాసన్నారు. "కిటికీ తెరిచే ఉందే" అన్నాడొక పోలీసాయన. "ఎప్పుడూ తెరిచే ఉంటాది సార్" అన్నాన్నేను. అబద్ధం కాదు గదా, ఎప్పుడూ తెరిచే ఉంటాది! జైలుకు భయపడినా నాయనా. దేశం గాని దేశం. నా ముగ్గురు ఆడబిడ్డలు కండ్ల ముందర తిరిగినారు.

ఆడితో ఆగి ఉంటే నా పాపం నాతోనే పోయేది. నా నోరు నీకు తెలుసు గదా, పదిమంది కూడితే ఊరుకోదు. ప్రతి శుక్రవారం ఈ అరుగు మీద తెలుగోళ్ళు, మలబారోళ్ళు, పఠాన్లు కూర్చుంటే, "చాచా, బుడేన్ సాహెబ్ ముచ్చట చెప్పు" అనేటోళ్ళు. చెప్పేటోన్ని. అజాన్ కోసం కిటికీ తెరిచి పెట్టుకున్య పుణ్యాత్ముడు, ఆ తెరిచిన కిటికీ కిందనే అల్లా పిలుచుకున్యాడు అని. ఏడ్చేటోళ్ళు. ఏడ్చేకొద్దీ నేను ఇంకా బాగా చెప్పేటోన్ని. దాంతో ఏమాయె? బొగ్గులు చెడ్డవి అని అందరూ గ్యాసుకు మారినారు, అంతవరకు బాగుంది. దాంతోపాటే కిటికీలన్నీ మూసుకున్యారు, తెరిచినా ఆ బుడేన్ సాహెబ్ పోలేదా అని. మొన్న పక్క తోటలో హబీబుల్లా గది తెలుసు గదా, గ్యాసు హీటరే, కొత్తదే. కండ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రికి మోసినారు. బతికినాడు. చూడబోతే నాతో ఏమన్నాడు? "చాచా, ఖిడ్కీ ఖోల్‌నే సే క్యా ఫాయిదా, ఆప్ హీ తో బోలే." కిటికీ తీసి ఏం లాభం, నువ్వే గదా చెప్పినావు! ఆ మాట నాకు ఈడ గుచ్చుకొని ఉండాది. మరుదినమే నువ్వు ఈ టేపేసినావు. బుడేన్ సాహెబ్ మనవడు, నా గదిలో, నా అబద్ధం నమ్మి.

శుక్రవారం నిన్ను ఆయప్ప గోరీ కాడికి తీసకపోయినప్పుడే చెప్దామనుకున్యా, ఫాతిహా చదువుకొని అట్లే తిరిగొచ్చేస్తి. మీ జేజికి చెప్తావో, నన్ను ఈ గదిలోంచి పొమ్మంటావో, నీ ఇష్టం. ఆ కాగితం తీసుకో. కరెంటే రాయి, ఇప్పుడు లైను పెద్దది, ఫ్యూజు పోదు. వాళ్ళు గ్యాసే ఇస్తే గ్యాసే తీసుకోండి. బొగ్గయినా, గ్యాసయినా, మంట మనం పీల్చే గాలే తింటాది. కిటికీ జానెడు తెరిచి పెట్టమని పన్నెండు గదులోళ్ళకూ నువ్వే చెప్పల్ల, నేను చెప్తే ముచ్చటనుకుంటారు. ఇదిగో, ఈ దిండు చూడు. నీ తల కింద వేసుకోమని ఇచ్చింటి గదా మొదటి దినం, నువ్వొద్దు, గట్టిగా ఉందన్నావు. ఇదే అది. పదేండ్లయింది, దూది ఇంకా… రమీజూ? యాడికి లేస్తివి?

…ఇదేందీ, అజాన్ ఇంత బాగా ఇనపడ్తాంది? ఓ, టేపు పీకేసినావా! పొద్దుగూకి మగ్రిబ్ అయిపాయనా అప్పుడే? పద, పద, నమాజుకు. తొట్లో నీళ్ళు చల్లగుంటాయి, కాళ్ళూ చేతులూ కడుక్కోను ఆ కెటిల్లోని వేడినీళ్ళు కలుపుకో.