షబ్బాత్ నాటి పలకరింపు

బందరులో ఉన్న నాలుగు యూదుల ఇళ్లలో అదొకటి. శనివారం పొద్దున్నే పలకరించడానికొచ్చిన పక్కింటి సాయిబుగారి భార్య, ఆ ఇంటమ్మాయి కట్టుకున్న ఇస్త్రీ చీర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిన్న మీ నాన్నని సమాధి చేసేటప్పుడు పైట చింపుకున్నావు. ఇవాళ ఇదేంటమ్మా?"

"ఇవాళ షబ్బాత్ పిన్నీ, దేవుడి విశ్రాంతి రోజు. దుఃఖం పైకి కనపడనివ్వకూడదు."

"ప్రార్థన చేసుకున్నావా?"

"చేశాను. నాన్న నేర్పిన హీబ్రూ మాటలు నోటికొచ్చాయి. లోపల ఏమీ అనిపించలేదు."

"ఏడుపు ఎంతసేపని ఆపుకుంటావే?"

"ఆపుకోవట్లేదు పిన్నీ. నిన్నా రాలేదు. నాన్న పోతే పైట చింపడం మా ఆచారమన్నారు, చింపాను. వచ్చినవాళ్లంతా నా కళ్లకేసే చూశారు."

పిన్ని లోపలికొచ్చి పక్కన కూర్చుంది.

"రేపు మళ్లీ పరామర్శకి జనం వస్తారు. ఇవాళొక్కరోజే, నేను ఏడవకపోయినా ఎవరూ తప్పుపట్టరు."