ఏరిన కట్టె

గోకకు! చేతులు తియ్యి. మొకమంత పొక్కులే, గోకితే తోలు ఊడొస్తదని డాక్టరు చెప్పలే? పొద్దటిసంది చెప్పి చెప్పి నా నోరు పడిపోతున్నది. మూల్గకు జర, పక్క మంచమోళ్లు చూస్తున్నరు. పెదవులు గంతగనం ఉబ్బినంక మాటెట్లొస్తది? ఊకో. ఇయ్యాల నేను మాట్లాడుత, నువ్విను. పదకొండేండ్ల సంసారంల ఇదే మొదటిసారి గదా!

గంజి తెచ్చిన. జర సల్లారనీ.

ఠాణా నుంచి పోలీసు జమేదారు వచ్చి పోయిండు. "జంగమ్మా, నీ పెనిమిటికి గిట్లెట్లయింది?" అని అడిగిండు. ఉన్నదున్నట్టు చెప్పిన. సారూ, మాది నాంపల్లి టేషన్ ఎనుక కట్టెల దుకాణం. అడివి నుంచి బండ్లు వస్తయి. ఏ కట్టె పొయ్యిలకు పనికొస్తదో ఏరేది నేను. పొయ్యి రాజేసే సన్నపుల్లలు చీల్చి కట్టలు కట్టేది నేను. లక్డీకాపూల్ల ఆంధ్ర నుంచి వచ్చిన ఆఫీసర్ల ఇండ్లల్ల అమ్మలు, జంగమ్మ కట్టిన కట్టయితేనే తెమ్మంటరు, ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంటదని. చీల్చిన పుల్లను ముక్కు కాడ పెట్టి చూస్త. తుమ్మ వాసన వేరు, మోదుగ వాసన వేరు. నల్లజీడి, గదే, చాకలోళ్లు బట్టలకు గుర్తులు పెడ్తరు చూడు, గా కట్టె వస్తే ఘాటుకే తెలుస్తది. తీసి పారేస్త. దాని పొగ తగిలితే మొకం మొకంలెక్క ఉండదు సారూ, అన్న.

"మరి గిప్పుడెందుకు పారెయ్యలే?" అన్నడు.

కొంగు తీసి ముక్కు చూపెట్టిన.

యాదికున్నదా? దసర నాడు సమ్మెట కామతోని కొట్టినవ్. బొక్క పటుక్కుమన్నది. రెండు దినాలు నోటితోనే ఊపిరి తీసుకున్న. గప్పటిసంది నాకు వాసన తెల్వదు. కూర మాడినా తెల్వదు. నీ కల్లు వాసన గూడ తెల్వదు, అదొక్కటే మంచిగయింది. "గుర్తుపట్టలేకపోయిన సారూ" అన్న. జమేదారు రాసుకున్నడు. నీ దిక్కు చూసి ఉమ్మేసినంత పని చేసి పోయిండు.

నన్ను కొట్టిన దెబ్బలకు నీ మీద పగ పట్టిననా? ఛీ! ఎన్ని తినలే నేను! తుమ్మ కట్టె తగిలిన కాడ తోలు పగుల్తది. మోదుగ ఇరుగుతది, ఒంటికి పట్టది. సండ్ర దెబ్బ లోపటికి దిగుతది, మూడు దినాలు పండుకోనియ్యది. ఏ కట్టె ఎట్ల మండుతదో నా చేతికెరికే, ఎట్ల తగుల్తదో నా ఈపుకెరికే. నన్ను కొట్టేటప్పుడు చేతికేది దొరికితే అది పట్టినవ్. కోపమనుకున్న.

లచ్చికి ఏరినవ్.

ఏడేండ్ల పొల్ల. నీ బిడ్డ. నీళ్ల కుండ పలగ్గొట్టిందని నిలబెట్టినవ్. కట్టెల కుప్ప కాడ కూసొని ఒక్కొక్కటి చేతిల ఆడించి చూసినవ్. తుమ్మ పక్కకు పెట్టినవ్. మోదుగ పక్కకు పెట్టినవ్. సండ్ర దొరికింది. దాని బెరడు గీకినవ్, నున్నగ. గిరాకికి గూడ గంత మంచిగ ఏరలే నువ్వెన్నడూ! కోపమొచ్చినోడు ఏరుకుంటడా? పొల్ల చూసుకుంట నిలబడే ఉచ్చ పోసుకున్నది. రెండో దెబ్బకే చెయ్యి ఇరిగింది. నేను అడ్డమొస్తే గొడ్డలి తిరగేసి మోకాలి మీద ఏసినవ్.

తెల్లారి చలికి బయట పొయ్యి ముందల కూసున్నవ్. బీడి ముట్టిచ్చుకొని, పొయ్యి అంటుబెట్టి, మొకం దగ్గర పెట్టి ఊదినవ్, రోజు లెక్కనే. నేను, లచ్చి లోపట తలుపేసుకున్నం. ఎంత మొత్తుకున్నవ్! కండ్లు కనబడకపోయినా నా గొంతు దిక్కే గొడ్డలి ఇసిరినవ్. తలుపుల దిగింది. ఇంక గట్లనే ఉన్నది, గుంజితే ఎల్తలేదు.

జమేదారుకు చెప్పింది అబద్ధం గాదు. ముక్కు పోయింది నిజమే. కాని జీడి చీలుస్తుంటే గొడ్డలి పదును నల్లగైతది. నువ్వే నేర్పినవ్ గదా, పెండ్లయిన కొత్తల! లచ్చిని కొట్టిన రాత్రి చీలుస్తుంటే నల్లగయింది. చూసిన. చేతులకు నూనె రాసుకొని సన్నగ చీల్చి, ఒక్క కట్ట కట్టిన. గిరాకి కట్టల్ల కలుస్తదేమోనని ఎర్ర పీలిక చుట్టి నీ పొయ్యి కాడ పెట్టిన. గా అమ్మల మొకాలు ఎందుకు కాలాలె, పాపం?

గొడ్డలి కొంగుతోని తుడిచిన.

పది దినాలల్ల కండ్లు తెరుచుకుంటయట. తెరుచుకోని. చెప్పుకుంటవో, జమేదారుకు చెప్పుకో. లేకుంటే ఇంటికి రా. కట్టెలు నేనే ఏరుత, పొయ్యి నేనే పెడ్త.

ఇగ నోరు తెరువు, గంజి సల్లారింది. ఏంది, పండ్లు బిగబట్టినవ్? ఏ కట్టె మీద కాచిననో అనా? తుమ్మనే లే. తాగు.