వంకాయ బస్తా మీద చీటీ

"ఆ షావుకారు నరసింగరావు బస్తాకి మూడు కిలోలు తరుగు తీసీవోడురా, వంకాయ ఎండిపోతాదని."

కువైట్‌కి తిరిగి వెళుతున్న మేనల్లుడిని ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కించడానికి వచ్చిన మేనమామ, అదే మాట మళ్ళీ ఎత్తాడు.

"మా సూపర్‌మార్కెట్లో కాయలు తూసేది నానే కదా మావా. మిషనే బరువు, ధర సీటీ మీద కొట్టి ఇస్తాది. కొన్ని దేశాల్లో కొనీవోడే తూసుకుని అంటించుకుంటాడట. తరుగన్న మాటే నేదు."

"పోయినేడు నువ్వీ మాట సెప్తే ఇన్నాను. ఇంటికాడే తూసి, బస్తాకో సీటీ అంటించి తీసుకెళ్ళాను."

"ఆడేటన్నాడు?"

"సదివి నవ్వినాడు. కువైట్లోనే అమ్ముకో అన్నాడు. ఆడు తోసేసిన సరుకు ఇంకో షావుకారు ముట్టుకోడు. మూడ్రోజులకి మార్కెట్లోనే కుళ్ళిపోనాయి."

"ఒక్క పంటే కదా మావా."

"ఆ పంటకి ఇత్తనాలకీ మందులకీ పెట్టుబడి ఇచ్చింది ఆడేరా."

"ఆ సంగతి నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు అడగనేదు."

రైలు వచ్చి ఆగింది. మేనల్లుడు పెట్టె ఎత్తలేదు.

"బాకీ కింద ఏటి రాయించుకున్నాడు మావా?"

"గెడ్డ ఒడ్డున బూమి. తరుగు తియ్యకండా, ముప్పై ఎనిమిది సెంట్లు."