కూర్మయ్య మావ పోర్టు డ్యూటీ

"నాను గొప్పలు సెప్పుకునే మనిసిని కాదు గానీ, ఇశాపట్నం పోర్టులో నాను ఒక్క డ్యూటీ సెయ్యబట్టే ఇయ్యాల ఈ దేశంలో పార్సిళ్లు కదలతన్నాయి. ఇంకో టీ ఎట్టు ధనలచ్మీ, ఇది బేగి తేలే కథ కాదు."

గరివిడి టేషను రోడ్డులో ధనలక్ష్మి టీకొట్టు. బల్ల మీద కాళ్లు పైకెత్తి కూర్చున్న కూర్మయ్య మావ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పక్కన ఆటో గిరిబాబు. మిగతావాళ్లం టీ పేరు చెప్పి మావ కోతలు వినడానికి వచ్చినవాళ్లం.

"మీ అత్త గురమ్మ కుట్టుమిషను సంగతి మీకెరికే కదా. ఆళ్ల తాత బర్మా ఎల్లి, రంగం నుంచి ఓడ మీద తెచ్చినాడు. ఆ మిషను లోపల దారం తిప్పే షటిలు, బొటనేలంత ఇనప ముక్క, అది ఇరిగిపోనాది. ఇజీనారం తిరిగినాను, ఇశాపట్నం తిరిగినాను, ఎక్కడా నేదు. జాకెట్టు ముక్కలిచ్చినోళ్లు ఒకరెనక ఒకరు అట్టుకుపోతన్నారు. మీ అత్త మిషను ముందల కూకుని సక్రం ఉత్తినే తిప్పుతాది. అది సూసి నాకు బెంగెట్టీసినాదిరా. మరసటి నెల ఆకరి ఐతారం లోపల ముక్క రాకపోతే పాతసామాన్లోడికి ఇచ్చీస్తానని సెప్పీసింది. అప్పుడు నాను జపానుకి ఆర్డరు పెట్టినాను."

"పెట్టింది నాను మావా, నా ఫోన్లోంచి," అన్నాడు గిరిబాబు.

"నువ్వు బటను నొక్కినావు. ఆర్డరు పెట్టింది నాను. మద్దిలో రాకు. ఆ జపాను కొట్టోడు ఆళ్ల దేశం అమ్మకప్పన్ను కూడా నా నెత్తిన ఎట్టబోనాడు. ఫోను సేసినాను. ఒరే నాయినా, నీ ఊర్లో కొని నీ ఊర్లో వాడుకునేవోడికి ఎయ్యి ఆ పన్ను, గరివిడోడికి ఎందుకేస్తావు అన్నాను. ఆడికి తెలుగు రాదు, నాకు ఆడి బాస రాదు. అయినా మాట మీద మాట ఎల్లేసరికి ఆడే దిగొచ్చి, 'అలగే బావా, తీసీస్తాన్లే' అన్నాడు."

"జపానోడు బావా అన్నాడేటి?" అంది ధనలక్ష్మి.

"మరేటనుకున్నావు? ఫోను పెట్టీముందు మా గురమ్మప్పని అడిగినానని సెప్పు అన్నాడు. ఆ తరవాత ఏటయిందో తెలుసా? గిరిబాబు ఫోనుకి మెసేజి వచ్చినాది. పార్సిలు కస్టమ్స్‌లో ఉన్నాది, డ్యూటీ పెండింగు అని. నా పార్సిలు కస్టంలో ఉన్నాదంటే సూస్తా కూకుంటానా? పైగా డ్యూటీ పెండింగంట. మూడు షిఫ్టులూ సేసినోడ్ని, ఒక్కనాడు నాగా పెట్టనోడ్ని, నా పేరు మీద డ్యూటీ మిగిలిపోడవేటి? పరువు తక్కువ కాదేటి? కాకీ సొక్కా ఏసీసినాను. మీ అత్త కేరేజీ కట్టింది. పొద్దున్న పేసింజరు ఎక్కీసినాను."

"అది నిజవే. టేషన్లో దింపింది నానే," అన్నాడు గిరిబాబు.

"ఇన్నారా, సాచ్చికం కూడా ఉన్నాది. పోర్టు గేటుకాడ నిలబడి డ్యూటీకి వచ్చినాను అన్నాను. ఆళ్లు నా సొక్కా సూసినారు, కేరేజీ సూసినారు, గేటు బార్లా తీసీసినారు. లోపలికెల్తే ఏటుంది, పార్సిళ్లు, యారాడ కొండంత ఎత్తు. పైనున్న డబ్బాలకి మబ్బు తగిలి తడిసిపోతన్నాయి. ఎవులూ ముట్టుకోడం నేదు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు కలిపి కొట్టీసినాను. మజ్జానం కేరేజీ ఇప్పే ఏలకి కొండ నేదు. దాని ఎనకాల సముద్రం కనబడీసరికి ఆపీసర్లకి కళ్లమ్మట నీళ్లొచ్చీసినాయి. ఉజ్జోగంలో సేరినకాడ్నుంచి ఆళ్లు సముద్రం సూడ్నేదంట."

"అంత కొండలోనా నీ షటిలు దొరకనేదా?" అన్నాడు గిరిబాబు.

"దొరికితే కథెక్కడిదిరా? అది ఇంకా ఓడలోనే ఉన్నాది. ఓడేమో దూరంగా నిలబడిపోనాది. ఏటండీ అంటే, డ్యూటీ కట్టిందాకా రాదన్నారు. కట్టడవే కదా, తాడు తెమ్మన్నాను. ఓ కొస ఓడకి కట్టీసి, ఒడ్డు మీద నిలబడి లాగినాను. ఓడ కదల్నేదు. దేశదేశాల సరుకు ఉన్నాది కదా, అది కదల్దు. ఇశాపట్నం కదిలింది. ఊరు ఊరంతా జరిగెల్లి ఓడకి తగిలింది. నవ్వకండి, నమ్మకపోతే బస్సోడ్ని అడగండి. ఆ మర్నాడే కాదేటి ఇశాపట్నం టిక్కెట్టు పెంచినాడు? దూరం పెరిగితే పెంచడా?"

బల్ల మీద ఉన్నవాళ్లం టీ గ్లాసులు కింద పెట్టి నవ్వాం. మావ మాత్రం నవ్వలేదు. కోత కోసేటప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వడు.

"అప్పుడొచ్చినాడు పెద్దాపీసరు. సరుకు మీద సుంకం అన్నాడు. ఓడ కిరాయి కలిపి దాని మీద సుంకం అన్నాడు. అదంతా కలిపి దాని మీద మళ్లీ పన్ను అన్నాడు. సుంకం మీద పన్నేటి బావూ అంటే, రూలు అన్నాడు. అలగైతే మా ఫ్యాక్టరీకీ ఉన్నాది రూలు, డ్యూటీ మీద ఓటీ, ఓటీ మీద ఓటీ, దాని మీద బోనసు, రాసుకోండి అన్నాను. రాసినాడు, రాసినాడు, పోర్టులో కాయితాలు అయిపోనాయి. ఆకరికి నాకిచ్చుకోవాలంటే పోర్టు అమ్మీయాలని తేలింది. ఆయన నా సెయ్యట్టుకుని, 'కూర్మయ్య గారూ, పోర్టు ఒగ్గీయండి, పిల్లలు గలోళ్లం' అన్నాడు. జాలేసి ఒగ్గీసినాను. ఆ సంబరంలో ఆళ్లు ఏటి సేసినారో తెలుసా? ఇయ్యాలంతా పెపంచకంలో ఎవులికీ సుంకం నేదని మైకులో సెప్పీసినారు. నా షటిలు ఎండిపళ్లెంలో ఎట్టి, బాజాలు కొట్టుకుంటా టేషను దాకా సాగనంపినారు."

"మరేదీ ఆ షటిలు?" అంది ధనలక్ష్మి. "నా జాకెట్టు ముక్క ఇంకా అత్తకాడే ఉన్నాది."

"ఏదీ ఏటే, మిషన్లో ఉన్నాది. నిన్నటేల నుంచి మీ అత్త టకటకా కుడతానే ఉన్నాది. ఆ సప్పుడికి నాకు నిద్దర నేదు."

"అలగైతే ఈ పార్సిలు ఎవులిది మావా?"

అందరం వెనక్కి తిరిగాం. పోస్టు రేఖ. బండి ఆపి ఎంతసేపటి నుంచి వింటోందో తెలీదు. చేతిలో చిన్న అట్టపెట్టె, దాని మీద జపాను అక్షరాలు. మావ గ్లాసు నోటికి సగం దూరంలో ఆగిపోయింది.

"ఎన్నిసార్లని ఇంటికి తిరగను? నువ్వుండవు. అత్తేమో, మీ మావ ఇశాపట్నం ఎల్లి డ్యూటీ సేసీసొచ్చినాడు కదా, ఇంకేటి ఇవ్వాల అంటాది. ఆళ్లడిగింది షిఫ్టు డ్యూటీ కాదు మావా. డ్యూటీ అంటే సుంకం. అది నాకిస్తేనే నాను పార్సిలు ఇవ్వాల. ఇయ్యాలే ఆకరి రోజు. తీసుకోకపోతే సాయంత్రం సంచిలో ఎనక్కి జపాను ఎలిపోతాది."

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. మావ ఆ పెట్టె వైపే చూస్తున్నాడు.

"ఎనక్కే?" అన్నాడు నెమ్మదిగా. "అదా సంగతి. ఆ రోజు పొద్దుగూకిందాకా గేటుకాడే కూకున్నానమ్మా. డ్యూటీకి ఎవులూ పిలవనేదు."

రేఖ మొహం మెత్తబడింది. ఎంతివ్వాలో చెప్పింది. మావ చొక్కా జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు, బేరం లేదు, మాట లేదు. ఆయన మాట్లాడకుండా ఒక పని చెయ్యడం మేం ఎప్పుడూ చూసి ఎరగం. సంతకం పెట్టి, పెట్టె చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఇనప ముక్క కదిలింది. ఆయన మొహం విప్పారింది.

"ఒరే గిరిబాబూ, ఆటో తియ్యి. మీ అత్త సెప్పిన ఐతారం ఇంకా రానేదు. పాతసామాన్లోడు మరో ఇల్లు సూసుకుంటాడు."

గిరిబాబు అప్పటికే ఆటో తిప్పాడు. మావ ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు రోడ్డు మీద ఉంచి మా వైపు తిరిగాడు.

"ఇంకో మాట. గవర్నమెంటు నా సుంకం కోసం ఇన్నాళ్లు ఎందుకు కాసుకుందో తెలుసా? ఖజానాలో అంతే తక్కువయిందంట. ఇప్పుడది అందింది కదా, రేపు ఈ టేషను రోడ్డు నాలుగు లైన్లు ఏస్తారు, దానికి నా పేరు..."

"బేగి ఎల్లు మావా," అంది ధనలక్ష్మి గ్లాసులు కడుగుతూ. "మిషను నడిస్తే నా జాకెట్టుకి తొందర్నేదు. ముందు నీ నోటికి రెండు కుట్లు ఎయ్యమని అత్తతో సెప్పు."