సంతకం కోసం ఆగిన పేరు

1908 నాటి మూసీ వరదకు తొంభై ఏళ్లు నిండిన సంవత్సరం అది. తార్నాకలో, యూనివర్సిటీ క్యాంపస్ గేటు ఎదుట ఒక ట్రస్టు ఆఫీసులో నేను అటెండర్ని. ట్రస్టు నడిపే బడుల్లో ఒకటైన మా బధిరుల బడికి ఇంటర్నెట్లో ఉన్న చిరునామా పేరు గడువు దాటి పోయింది. క్యాంపస్ నుంచి వచ్చి కంప్యూటర్ పని చూసిపెట్టే మేడం సెక్రటరీ గారిని నిలదీశారు.

“తొమ్మిది బడుల పేర్లకీ గడువులు రాసి గోడకి అంటించాను కదండీ!”

“గడువు లెటర్ ఈమెయిల్ల వచ్చింది మేడం. ప్రింట్ తీసి ఫైల్ల పెట్టినం.”

“ఫైల్లో పెడితే సరిపోతుందా? గడువు పొడిగించమని జవాబు ఇవ్వద్దూ?”

“చైర్మన్ సార్ సంతకం లేకుండ ఎట్లిస్తం? సార్ ఊర్ల లేడాయె.”

“నెల రోజులా?”

“ఫైల్ అయితే సార్ టేబుల్ మీదనే ఉన్నది.”

అక్కడ పెట్టింది నేనే.

“ఇప్పుడా పేరు ఎవడో కొనేశాడు. చదువుకుని వెళ్లిన మన పిల్లలు ఫోన్లో మాట్లాడలేరండీ. వాళ్లు రాసేదంతా ఆ పేరుకే. ఇక అన్నీ వాడికే పోతాయి!”

“గంత కోపమెందుకు మేడం? కొత్త పేరుకు నోట్ పెట్టున్రి, ఫైల్ నడిపిస్త.”

మేడం సంచి తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే మిగిలిన ఎనిమిది పేర్ల ఫైళ్లు చంకన పెట్టుకుని, ఎవరి సంతకమూ అడగకుండా, క్యాంపస్‌లో మేడం బల్ల మీద పెట్టి వచ్చాను.