తొమ్మిదో అధ్యాయంలో దిద్దుబాటు

షామీర్‌పేట దాటాక ఓ కొత్త కాలనీ. మధ్యాహ్నం పూట ల్యాప్‌టాప్ ముందు శ్రీదివ్య. ఎదురు కుర్చీలో, ఆమె రాస్తున్న నవలకు యాస దిద్దిపెట్టే రావల్కోల్ ఊరి జనార్ధన్.

“గట్లనరు బిడ్డా. ‘ఏమిటి ఇంత ఆలస్యం’ అని మా ఊళ్లె కుక్క గూడ అనది. ‘ఏందిరా గింత లేటు’ అంటరు.”

“అదీ మార్చేశారు బాబాయిగారూ. ఇదిగో, నా మాట మీద అడ్డగీత, పక్కనే రంగులో కొత్త మాట, దాని మీద మీ అబ్బాయి పేరు.”

“నేను జెప్త, అన్వేష్ ఫోన్ల కొడ్తడు. గా సన్న అక్షరాలు సదువుడు నాతోని గాదు. నువ్వు సదువు, నేను వింట.”

“మన పద్ధతి ఎప్పుడూ అంతేగా. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. తొమ్మిదో అధ్యాయం చివర.”

“కుమార్ సచ్చిపోయే కాడనా?”

“నవల్లో అతని పేరు మల్లేశం కదండీ.”

“ఏదైతేంది! మీ ఇంట్ల పనిజేసే పద్మమ్మ మొగని కథనే గద. ఎకురం అమ్మనని మొండికేసిండు, ఓనాడు కానరాకుంట వోయిండు. ఆరేండ్లాయె. ఊరందరికెర్కే.”

“కనపడకుండా పోయాడనేగా అందరూ అనేది. చచ్చిపోయాడన్నది నా నవల్లోనే. అదీ మీరు చెబితేనే రాశాను.”

“అవ్ మల్ల. చెరువుల వడ్డడంటె సదివెటోళ్లకు ఏడుపొస్తది.”

“మరి చెరువు తీసేసి బాయి అని ఎందుకు పెట్టారు?”

“బావిని మేం బాయే అంటం బిడ్డా.”

“బావి కాదండీ, నేను రాసింది చెరువు. ఇప్పుడిక్కడ ఏముందో వినండి. ‘చెరువు గాదు. మామిడితోట ఎనుక ఎండిన బాయి. అంగికి మెడకాడ గుండీ లేదు, పిన్నీసు వెట్టుండె. ఆడు ఇంక మూలుగుతుండంగనే రెండు ట్రాక్టర్ల మొరం మట్టి వోసిన్రు.’”

“మల్లొక్కసారి సదువు.”

“‘మెడకాడ గుండీ లేదు, పిన్నీసు—’”

“నేను జెప్పలే గిది.”

“అనుకున్నాను.”

“ఆగు, ఆగు. నేనే జెప్పిన. యాదిమర్శిన. కథల జర మసాలా ఉండాలె గద.”

“ఇప్పుడే చెప్పలేదన్నారు.”

“జెప్పిన అంటున్న గద!”

“మరి ఆ పిన్నీసు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“పేదోని అంగి. గుండీ ఊశిపోతది, పిన్నీసు వెట్టుకుంటడు. గిదేమన్న సిత్రమా?”

“పొద్దున ఈ అధ్యాయం పద్మమ్మకి చదివి వినిపించాను. గిన్నెలు తోముకుంటూ వింటోంది. పిన్నీసు మాట రాగానే చేతులాగిపోయాయి. ‘గది మీకెవలు జెప్పిన్రమ్మా’ అంది. ఆ రోజు పొద్దున్నే పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, తన చేత్తోనే పెట్టిందట. అతను గడప దాటాక మళ్లీ ఎవరూ చూడలేదు. పోలీసులు ఆ సంగతి అడగలేదు, తనూ చెప్పలేదు.”

“ఇప్పుడేడ ఉన్నది పద్మమ్మ?”

“అన్వేష్ రాశాడని చెప్పగానే ఏడ్చుకుంటూ అలియాబాద్ వెళ్లిపోయింది, ఇంటికి.”

“ఎంట ఎవలన్న ఉన్నరా? ఒక్కతేనా?”

“ఒక్కతే. ఎందుకండీ?”

“ఏం లే. గాలి ఇటు మర్రింది, జవహర్‌నగర్ చెత్తకుప్పల కంపు. తలుపేస్త.”

“వెయ్యండి. గడియ కూడా ఎందుకు?”

“కొట్టుకుంటాంది బిడ్డా.”

“బాబాయిగారూ, ఆ ఎకరం ఇప్పుడు మీ వెంచర్లోనే ఉంది కదా?”

“పద్మమ్మనే సంతకం వెట్టింది. నేనేం గుంజుకోలే.”

“మిమ్మల్నేం అనడం లేదు. మేం గుంటూరు నుంచి వచ్చి దిక్కు తెలీకుండా ఉన్నప్పుడు దగ్గరుండి బోరు వేయించారు. పెద్దదిక్కులాంటి వారని ముందు మీకే చెప్తున్నాను. అన్వేష్‌ని పోలీసుల దగ్గరికి మీరే తీసుకెళ్లండి.”

“మావోడు గట్లాంటోడు గాదు.”

“కాకపోతే అతనికెలా తెలుసు?”

“తీసెయ్ బిడ్డా. గా ముక్క తీసి మల్ల చెరువు వెట్టు.”

“తీసినా పోదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో హిస్టరీలో ఉండిపోతుంది. చూడండి. మంగళవారం, రెండూ పది, అన్వేష్.”

“మొత్తం పుస్తకమే తీసేస్తె?”

“మూడేళ్లు రాశానండీ!”

“వోతదా, వోదా? గది జెప్పు.”

“నేను తీసేస్తే పోతుంది. నా ఖాతాలోనే ఉంది కాబట్టి.”

“ఇంక కాపీలేడన్న ఉన్నయా?”

“లేవు.”

“ఆదిత్యకు ఎర్కనా?”

“మా ఆయనకి నా నవలంటేనే చిరాకు. పద్మమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే భయం, చెప్పకపోతే ఆమె మొహం చూడలేను.”

“భయమెందుకు? నేనున్న గద. ఆదిత్య ఎన్నిటికొస్తడు?”

“ఏడవుతుంది. మీరేమిటి, నవ్వుతున్నారు?”

“నవ్వొస్తాంది మల్ల. ‘మన ఊరి ముచ్చటరా, ఒక్కటి తప్పువోవద్దు, ఉన్నదున్నట్టు దిద్దు’ అని ఆనికి నేనే జెప్పిన. దిద్దిండు కొడుకు!”

“పాపం, మోయలేక రాసేసుంటాడు. ఆరేళ్ల కిందంటే చిన్నపిల్లాడేగా.”

“నువ్వు పరేషాన్ గాకు. ల్యాప్‌టాప్ ఇటు తిప్పు. ఏడ వొత్తితె పోతదో సూపెట్టు.”

“ఉండండి. అన్వేష్ ఇప్పుడే లోపలికొచ్చాడు. పైన అతని పేరు వెలిగింది.”

“లోపలికా? ఏడికి?”

“ఇందులోకి. తొమ్మిదో అధ్యాయంలోనే ఉన్నాడు. నోటితో చెప్పి రాయిస్తున్నట్టున్నాడు, వాక్యాలకి వాక్యాలే పడుతున్నాయి.”

“ఏం జెప్తుండు? సదువు.”

“‘ట్రాక్టర్ తోలింది నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు.’ చూశారా, ఒప్పుకుంటున్నాడు! ‘పద్మక్క ఇప్పుడే ఫోన్ జేసి ఏడ్సింది. ఇగ దాసుడు నాతోని గాదు.’”

“సదువు, సదువు. ఆపకు.”

“వస్తోంది, వస్తోంది. ‘ఆడింక పానంతోనే ఉన్నడంటున్నా ఇనకుంట నాతోని మొరం వోయించింది మా నాయినే, ఆయన మీ ఇంటికే వచ్చిండు అక్కా, గిది పైకి సదవకు.’”