అయిదేళ్ళకని వచ్చిన మహాదేవి

పోతనాళ నుంచి, చంద్రబండ నుంచి, మా దేవసూగూరు నుంచి పనులు మానుకుని మహాదేవి సంతాప సభకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. మాకు అకౌంట్స్ నేర్పిన రామలింగయ్య సారు ఈ వయసులో మెట్లెక్కి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన పక్కన మహాదేవి తల్లి భీమవ్వ పెద్దమ్మ ఉంది. పెద్దమ్మా, మీ బిడ్డ గురించి మాట్లాడే అర్హత ఇక్కడ అందరికంటే నాకే తక్కువ. అయినా మాట్లాడతానని నేనే అడిగాను. ఎందుకో చెబుతాను, వినండి.

నా పేరు సూగురేశ్. పవర్ ప్లాంటు అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మహాదేవి, నేను ఒక ఊరివాళ్ళం, ఒక క్లాసువాళ్ళం. ఆమె తండ్రి యంకప్ప ప్లాంటులో బొగ్గు దింపే చోట కాంట్రాక్టు కూలీ. తొంభై మూడులో రాయచూరులోని మా కాలేజీ ఒక కొత్త కోర్సు తెరిచింది. బీకాం, ఎంకాం రెండూ కలిపి అయిదేళ్ళు. మూడేళ్ళకే చాలనుకున్నవాళ్ళు బీకాం పట్టా తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఇరవై ముగ్గురం చేరాం. మూడేళ్ళు తిరిగేసరికి ఎంతమందిమి మిగిలామో తెలుసా? ఇద్దరం. మహాదేవి, నేను.

ఇద్దరమే అయితే క్లాసు నడుపుతారా అని ఆమె భయపడింది. అప్పుడు నేనే చెప్పాను, "మనిద్దరం ఉంటే చాలు, క్లాసు నడుస్తది. నేనెక్కడికీ పోను." అడక్కుండానే ఇచ్చిన మాట అది. సెలవుల్లో నాకు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అవసరం ఉంది, చేరాను. అది తప్పని నేననడం లేదు. కానీ వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఆ నాలుగిళ్ళు దాటి వెళ్ళి ఒక్క మాట చెప్పలేకపోయాను.

నాలుగో ఏడు కాలేజీ తెరిచిన రోజు ఆమె బస్టాపులో నా కోసం నిలబడింది. రెండు బస్సులు వదిలేసి మూడో బస్సు ఎక్కింది. ఈ సంగతి తర్వాత రామలింగయ్య సారు చెబితే తెలిసింది.

మిత్రులారా, ఒక గదిలో ఒక్కరే కూర్చుని రెండేళ్ళు చదవడం ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? నోట్సు అడగడానికి పక్కన మనిషి లేదు. తప్పు చేస్తే నవ్వే మనిషి కూడా లేదు. సారు రోజూ హాజరు పిలిచేవారు. ఒకటే పేరు. ఆమె లేచి పలికి కూర్చునేది. సారు వెళ్ళాక ప్రశ్న తనే పైకి చదివి, జవాబూ తనే పైకి చెప్పుకునేది. అటెండరు తాయప్ప వరండాలో పోతూ విని, రెండో అమ్మాయి ఎవరా అని తలుపు తోసి చూశాడట. లోపల మహాదేవి ఒక్కతే ఉంది.

ఒక్క విద్యార్థికి క్లాసు దండగ, కలబురిగి యూనివర్సిటీకి వెళ్ళి చేరమని ప్రిన్సిపాలు పిలిచి చెప్పారు. అంతకుముందు ఎవరి ముందూ గొంతెత్తని పిల్ల అది. ఆ రోజు మాత్రం నిలబడి చెప్పింది. "పేరు రాసుకునేటప్పుడు అయిదేండ్లని చెప్పిన్రు సార్. అయిదేండ్లకే వచ్చిన. ఇప్పుడు నడుమల పొమ్మంటే ఎట్ల పోత?"

క్లాసు ఆగలేదు. ఆఖరి పరీక్షకు హాల్లో ఒకటే బెంచీ వేశారు. యూనివర్సిటీ నుంచి ఆమెకు రెండు పట్టాలూ వచ్చాయి. ఆ కోర్సు అయిదేళ్ళూ చదివి పూర్తి చేసింది ఆమె ఒక్కతే. మరుసటి ఏడు కాలేజీ ఆ కోర్సు మూసేసింది.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పట్టాలు పట్టుకుని ఆమె ముందుగా ప్లాంటు గేటు దగ్గరకు వచ్చింది, నాకు చూపిద్దామని. సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. నేను మీటింగులో ఉన్నానని చెప్పమన్నాను. మీటింగు ఏదీ లేదు. మొహం చెల్లలేదు, అంతే. అరగంట ఎండలో నిలబడి ఆమె వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. ఆమె పోతనాళ కాలేజీలో కామర్స్ చెబుతోందని తెలుసు, ఒంటరిగా గది తీసుకుని ఉంటోందని తెలుసు. మా అక్కను ఆ ఊరికే ఇచ్చాం. అక్క కూతురు మేఘను ఆ కాలేజీలో చేర్చడానికి వెళ్తే, దరఖాస్తు తీసుకున్నది మహాదేవే. వివరాలన్నీ రాసుకుని, కలం మూసి, అప్పుడు తలెత్తింది. "కొలువుకు పోయినవని కోపం లేదు సూగురేశ్. ఒక్క మాట చెప్పి పోతే, బస్టాప్ల నీకోసం చూసుకుంట నిలబడకపోదును." అంతే. కసురుకోలేదు, ఏడవలేదు. మేఘను మాత్రం తన సొంత పిల్లలా చదివించింది.

కిడ్నీలు దెబ్బతిన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదని ఇందాక ఇద్దరు ముగ్గురు అన్నారు. నిజమే, చెప్పలేదు. మనం అడిగామా? వారానికి రెండుసార్లు పోతనాళ నుంచి ఒక్కతే బస్సెక్కి రాయచూరు వచ్చి డయాలసిస్ చేయించుకుని, ఒక్కతే వెళ్ళేది. ఆస్పత్రి మంచం మీద ఒళ్ళో పిల్లల జవాబు పత్రాలు పెట్టుకుని దిద్దుతుంటే ఒకసారి మేఘ చూసింది. అలా నాకు తెలిసింది.

ఒక గురువారం ఆస్పత్రికి వెళ్ళాను. నాలుగు గంటలు పక్కన కూర్చున్నాను. లేస్తూ, వచ్చే వారం కూడా వస్తానని అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వచ్చేదుంటే రా. వస్తనని మాత్రం చెప్పకు."

చెప్పలేదు. చెప్పకుండానే వెళ్ళాను. ఏడు గురువారాలు. వెళ్ళినప్పుడల్లా ఆమె జరిగి, మంచం పక్కన బల్ల మీది కాగితాలు తీసి నాకు చోటు చేసేది. ఎనిమిదో గురువారం వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. నర్సు నన్ను గుర్తుపట్టి, మీకెవరూ చెప్పలేదా అని అడిగింది.

పెద్దమ్మా, నేను చెప్పదలచుకున్నది ఇంతే.

అయ్యలారా, అమ్మలారా, సంతాప సభల్లో మనం పెద్ద పెద్ద మాటలు ఇస్తుంటాం. ఆమె పేరు నిలబెడతామని, ఏటేటా తలుచుకుంటామని. దయచేసి ఇవాళ ఎవరూ మహాదేవికి ఏ మాటా ఇవ్వకండి. లేవగలిగినవాళ్ళు లేవండి. లేవలేనివాళ్ళు కూర్చునే ఉండండి, సారూ, మీరు లేవద్దు. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఆమె కోసం నిలబడదాం.